ముందు వీపు చూడండి

ప్రశ్న: పాత వస్తువులు అమ్మే ఒకాయన దగ్గర గడ్డం పెద్దమనిషి బస్టు (తల నుంచి ఛాతీ దాకా ఉండే విగ్రహం) చూశాను. మూరెడు ఎత్తు, ముదురు గోధుమరంగు. నూటయాభై ఏళ్ల నాటి కంచు అంటున్నారు. అయస్కాంతం పెట్టి మరీ చూపించారు, అంటుకోలేదు. వీపు మీద శిల్పి సంతకం కూడా ఉంది. ముఖం నాకు తెగ నచ్చేసింది. తీసుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ "తెగ నచ్చేసింది" అన్న మాటే. ముఖం నచ్చాక మన కళ్లు ఇంకేమీ చూడవు. నేను ముప్పై ఏళ్లు మ్యూజియంలో విగ్రహాల దుమ్ము దులిపిన మనిషిని. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో, సొంత డబ్బుతో కొన్న మొదటి బస్టు దగ్గరే బోర్లా పడ్డాను. జడను భుజం మీదుగా ముందుకు వేసుకున్న అమ్మాయి. కంచే అనుకున్నాను. ఇంటికి తెచ్చి, పీఠం కింద చేయి వేయకుండా తల పట్టుకుని ఎత్తాను. మెడ దగ్గర పుటుక్కుమంది. విరిగిన అంచులో పసుపు ఛాయే లేదు, కల్లుప్పు పలుకుల్లా బూడిదరంగు రవ్వలు మెరిశాయి. అది జింకు, పైన కంచురంగు పూత. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తల చేతిలో పట్టుకుని నిలబడి తెలుసుకున్నాను.

19వ శతాబ్దం రెండో సగంలో ఇలాంటివి లెక్కలేనన్ని పోతపోశారు. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కంచు కరగాలంటే 900 దాటాలి. అందుకే పోత సులువు, ధర చవక. జింకును జింకు అని చెప్పి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. అయస్కాంతం చూపించడం మాత్రం గడుసుతనం. అది ఇనుము కాదని చెబుతుంది, అంతే. కంచుకూ అంటుకోదు, జింకుకూ అంటుకోదు.

బస్టును మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి అడుగు చూడండి. ఆ అంచు ఏళ్ల తరబడి బల్లకు రాసుకుని ఉంటుంది. రంగు అరిగినచోట పసుపు, ఎరుపు కలిసిన ఛాయ కనిపిస్తే కంచో ఇత్తడో అయి ఉంటుంది. వెలిసిన వెండిలా ఉంటే జింకు. తర్వాత వేలి కణుపుతో కొట్టండి. కంచు మోగుతుందని మన పద్యాల్లో చెప్పింది ఉట్టి మాట కాదు. జింకు బద్ధకంగా "టక్" మని ఊరుకుంటుంది.

ఇక సంతకం. శిల్పి పేరు ఉన్నంత మాత్రాన శిల్పి చేయి పడినట్టు కాదు. 1836లో ఆషీల్ కోలాస్ అనే ఫ్రెంచి ఇంజినీరు పెద్ద శిల్పాన్ని కొలతలు చెదరకుండా చిన్నది చేసే యంత్రం తయారుచేశాడు. రెండేళ్లకు ఫెర్డినాండ్ బార్బెడియెన్‌తో కలిసి పారిస్‌లో వ్యాపారం పెట్టాడు. మ్యూజియం విగ్రహాలు బల్ల మీద పట్టే సైజులో ఇళ్లలోకి వచ్చింది అలాగే. కోలాస్ పేరుతో గుండ్రటి ముద్ర ఉన్న అలాంటి కంచు పోతలకు ఇప్పటికీ మంచి గిరాకీ. జాగ్రత్తపడాల్సింది పోత మీద పోత దగ్గర. ఎవరో పాత కంచు విగ్రహానికే అచ్చు తీసి మళ్లీ పోస్తారు. సంతకం కూడా అచ్చులో వచ్చేస్తుంది. అయితే కంచు గట్టిపడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర, రెండు పాళ్లు కుంచించుకుపోతుంది. అసలుది 40 సెంటీమీటర్లయితే నకలు ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది. గడ్డం పాయలు మొద్దుబారతాయి. అసలుదాని కొలతలు రాసుకుని, జేబులో టేపు వేసుకుని వెళ్లండి.

ప్రశ్న: రోమన్ కాలపు పాలరాతి తల అంటూ ఒకటి చూపించారు. ముక్కు, చెవులు చెక్కుచెదరలేదు. అంత బాగా ఉండటం మంచిదేగా?

జవాబు: రెండు వేల ఏళ్లలో తలకు ముందుగా పోయేది ముక్కే. టార్చి పక్క నుంచి వేసి ముక్కు మొదట్లో చూడండి, అతుకు గీత దొరకవచ్చు. కోపెన్‌హేగన్‌లోని నీ కార్ల్స్‌బర్గ్ గ్లిప్టోటెక్ మ్యూజియంలో ఒక అద్దాల అలమార నిండా ముక్కులే. ఒకప్పుడు పాత తలలకు అతికించి, తర్వాతి వాళ్లు ఊడదీసినవి. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది.

తర్వాత కళ్లు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ (క్రీ.శ. 117-138) కాలం దాకా పాలరాతి కంటిపాపను సాధారణంగా రంగుతోనే దిద్దేవారు. ఉలితో చెక్కడం ఆయన హయాంలో అలవాటైంది. అంతకు ముందరి జూలియస్ సీజర్ కాలపు తల అని చెప్పి, కంటిపాప లోతుగా తొలిచి ఉంటే అనుమానించండి. 18, 19 శతాబ్దాల్లో రోమ్ చూడవచ్చిన యాత్రికుల కోసం ఇలాంటి నకళ్లు బోలెడు చెక్కారు. నన్నడిగితే వాటినే కొనమంటాను. చేయి తిరిగిన పనివాళ్లు చెక్కినవి ఉన్నాయి వాటిలో.

వీపు మరిచిపోకండి. చేత్తో చెక్కిన పాలరాతి బస్టును చాలాసార్లు బరువు తగ్గేందుకు వెనక నుంచి తొలిచి, మధ్యలో రాతి పట్టీ ఒకటి ఆసరాగా వదులుతారు. ఆ గుంటలో ఉలి గాట్లు చేతికి తగులుతాయి. అక్కడ నున్నగా ఉండి, సూది మొనంత బుడగల గుంటలు కనిపించి, చెవి వెనక సన్నటి గీత నిలువుగా దిగితే అది రాతిపొడి కలిపిన రెజిన్ (అచ్చులో పోస్తే ప్లాస్టిక్‌లా గట్టిపడే జిగురు) పోత.

నిజంగానే రోమన్‌ది అయితే తలనొప్పి ఇంకా పెద్దది. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దేశం దాటిందో చెప్పే కాగితాలు కావాలి. దొంగ తవ్వకాల సరుకును అడ్డుకోవడానికి యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. దానికి ముందు నుంచే ఫలానా చోట ఉందని రుజువు లేని వస్తువును కొనడానికి పేరున్న మ్యూజియంలు వెనకాడతాయి. "మా తాతగారి కాలం నుంచీ ఉంది" అన్నది కాగితం కాదు.

ప్రశ్న: తెల్లటి పాత విగ్రహం మాసిపోయింది. సబ్బునీళ్లతో కడగవచ్చా?

జవాబు: ఏ తెలుపు? ప్లాస్టర్ అయితే నీళ్లు తాగి మురికిని లోపలికి దింపుకుంటుంది. పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి అలబాస్టర్‌లో ఎక్కువగా దొరికేది జిప్సం రకం, దానికి నీళ్లు పడవు. పాలరాయికి నిమ్మరసం, వెనిగర్ తగిలితే మెరుపు పోతుంది. మెత్తటి కుంచెతో దులిపి అక్కడితో ఆగండి. కంచు ఉన్నవాళ్లు కూడా ఇత్తడి తోమే పొడిని దగ్గరకు రానీయకండి. ఆ ముదురు రంగు మురికి కాదు, వేడితో, రసాయనాలతో పనిగట్టుకుని తెప్పించినది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది జబ్బు. తేమ లేని గదికి మార్చి, బాగుచేసేవాళ్లకు చూపించండి.

ప్రశ్న: నడవా చివర పాలరాతి స్త్రీ బస్టు పెట్టి, దాని ముందు నేల మీద దీపం అమర్చాం. పగలు ముచ్చటగా ఉంటుంది. రాత్రయితే ఆరేళ్ల మా మనవరాలు అటు వెళ్లనంటోంది. విగ్రహాన్ని తీసేయమంటారా?

జవాబు: తీసేయాల్సింది దీపాన్ని. ముఖాలను మనం పై నుంచి పడే వెలుగులో చూసి అలవాటుపడ్డాం. వెలుగు కింది నుంచి వస్తే ముక్కు నీడ నుదుటి మీదికి పాకుతుంది, గడ్డం కింద తెల్లగా వెలుగుతుంది. మీ మనవరాలి భయంలో తప్పేమీ లేదు. దీపం పైన, ఒక పక్కగా, 45 డిగ్రీల వాలులో పెట్టండి. సూటిగా ఎదురుగా వద్దు, ముఖం పలకలా చదునవుతుంది.

శిల్పులు ఈ వెలుగును లెక్కపెట్టుకునే చెక్కుతారు. ఫ్రెంచి శిల్పి హూడాన్ 1778లో రచయిత వోల్టేర్ తలను చేసినప్పుడు కంటిపాపను లోతుగా తవ్వి, అందులో చిన్న రాతి పలుకును వదిలేశాడు. పై నుంచి వెలుగు పడితే చుట్టూ నీడ, మధ్యలో ఆ పలుకు తళుక్కుమంటుంది. ముసలాయన ఇప్పుడే ఏదో వెటకారం ఆడబోతున్నట్టు ఉంటాడు. అదే దీపాన్ని నేల మీద పెడితే కంట్లో ఆ నీడా ఉండదు, ఆ తళుకూ ఉండదు.

విగ్రహం కళ్లు మీ కళ్ల ఎత్తులో ఉండాలి, బెత్తెడు పైన ఉన్నా ఫర్వాలేదు. 60 సెంటీమీటర్ల బస్టుకు కళ్లు దాదాపు 45 దగ్గర వస్తాయి కాబట్టి దిమ్మె 105, 110 ఉంటే సరిపోతుంది. నిలువెత్తు మనిషి తలంత పాలరాతి బస్టు యాభై కిలోలు దాటగలదు, ఇంట్లో పిల్ల ఉంది. దిమ్మె బరువైనది చూసి గోడకు బిగించండి. తెల్లరాయి వెనక తెల్లగోడ వద్దు. గోడకు ఆనించకుండా జానెడు వదలండి, ముఖాన్ని కాస్త పక్కకు తిప్పండి. నడవాలోకి వచ్చినవాళ్లను నిలదీస్తున్నట్టు ఉండదు.

దీపం మార్చే రోజు మీ మనవరాలిని పక్కనే ఉంచుకోండి. ముందు టార్చి తన చేతికే ఇవ్వండి. కింది నుంచి వేస్తే దయ్యం, పై నుంచి వేస్తే అమ్మమ్మ. తనే తేల్చుకుంటుంది.

నా జింకు అమ్మాయి ఎలా ఉందని అడుగుతారేమో. మెడ అతికించి పుస్తకాల అలమార మీద పెట్టాను, కిటికీ వెలుగు జడ మీద పడేలా. అతుకు వీపు వైపుకే కనిపిస్తుంది. మా ఇంటికి వచ్చినవాళ్లలో వెనక్కి వెళ్లి చూసినవాళ్లు ఇప్పటికి ఇద్దరే.