బుజ్జీ, లా నినాని నమ్మి సంతకం పెట్టొద్దు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, బెంగళూరులో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశావంట, కల్యాణదుర్గం దగ్గర ఇరవై ఎకరాలు గుత్తకు, అదే కౌలుకు, మాట్లాడావంట, మొత్తం శెనక్కాయే వేస్తావంట. పొద్దున్నంతా నీ మీద కోపంగా ఉన్నా. సాయంత్రానికి అరుగు మీద కూర్చుని ఎదురింటాయనకి నేనే గొప్పగా చెప్పుకుంటున్నా, మా పిల్ల సేద్యం చేస్తుందంట అని. కానీ నువ్వు మీ అమ్మకి పెట్టిన వాట్సాప్ మెసేజ్ చూశాక నిద్ర పట్టలేదు. "ఈసారి లా నినా, వానకి ఢోకా లేదు" అని రాశావు. ఎవరు చెప్పారమ్మా ఢోకా లేదని?

వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనోణ్ణి, ముసలాయనకి ఇవన్నీ ఏం తెలుసులే అనుకోవద్దు. పసిఫిక్‌లో మామూలుగా తూర్పు గాలులు పై నీళ్లని ఇండోనేషియా వైపు తోసుకుపోతాయి, వేడి నీళ్లన్నీ అక్కడ పోగవుతాయి, పెరూ దగ్గర అడుగు నుంచి చల్లనీళ్లు పైకొస్తాయి. ఆ గాలులు నీరసపడితే వేడి నీళ్లు తూర్పుకి జరుగుతాయి, అది ఎల్ నినో. నీళ్లతో పాటే గాలి పైకి లేచే చోటు కూడా జరుగుతుంది, పైకి లేచిన గాలి ఇంకోచోట కిందికి దిగాలి కదా, ఆ దిగే చోట్లో చాలాసార్లు మనం పడతాం, గాలి దిగే చోట మబ్బు కట్టదు. లా నినా దీనికి తిరగేసిన కథ. మొగ్గు మనకి మంచి వైపే. ఇంతవరకు నువ్వు చదివింది కరెక్టే.

మొగ్గు అంటే మొగ్గే, మాట ఇచ్చినట్టు కాదు. 1997లో పోయిన శతాబ్దంలోకెల్లా పెద్ద ఎల్ నినోల్లో ఒకటి వచ్చింది, దేశమంతా కరువు అని హడలిపోయారు, తీరా చూస్తే దేశం మొత్తం మీద వాన మామూలులో 102 శాతం. ఒకటి, ఆ వేడి ఎక్కువ పెరూ వైపు ఉంది, మధ్య పసిఫిక్ వేడెక్కితేనే మనకి దెబ్బ ఎక్కువ. రెండు, హిందూ మహాసముద్రం. ఆఫ్రికా వైపు నీళ్లు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉంటే మన రుతుపవనాలకి బలం వస్తుంది, ఆ ఏడు అదే జరిగింది. 2019లోనూ అంతే, జూన్‌లో మూడో వంతు లోటు, అయినా సీజన్ అయ్యేసరికి 110 శాతం. మరి 2022? నువ్వు నమ్ముకున్న లా నినానే. దేశానికి ఆరు శాతం ఎక్కువ కురిసింది, బీహార్, జార్ఖండ్, యూపీ రైతులు మాత్రం నాట్లు వేయలేక ఆకాశం చూశారు. నువ్వు గుత్తకు తీసుకునేది దేశాన్ని కాదు, ఇరవై ఎకరాల ఎర్ర నేలని.

అదీ ఎక్కడ, అనంతపురంలో. ఏడాది మొత్తం కలిపి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. బంగాళాఖాతం ఎంత వేడిగా ఉన్నా అక్కడ పుట్టిన అల్పపీడనాలు ఎక్కువగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పోతాయి, మనకి దక్కేది వాటి అంచు.

ఇప్పుడు నీకు ఎవరూ చెప్పని సంగతి చెప్తా. 2002. అప్పటికి 1988 నుంచి వరసగా దేశానికి పెద్ద కరువు లేదు, ఆ ఏడు అంచనా కూడా మామూలు వానే అన్నారు. మీ నాయన రేడియోలో విని ఎగిరి గంతేశాడు. మృగశిరలో ఒక వాన పడింది, ఉన్న విత్తనమంతా ఒకేసారి గొర్రుకి పెట్టేశాడు. మొలక బాగానే వచ్చింది. ఆ తర్వాత జూలై. మధ్య పసిఫిక్ అప్పుడే వేడెక్కుతా ఉంది, దేశం మొత్తం మీద ఆ నెల వాన మామూలు కంటే దాదాపు సగం తగ్గింది. మా చేలో అయితే గాలి తప్ప ఏమీ లేదు, పగలూ రాత్రీ గాలే, మొక్కలు వాడి వాలిపోయాయి. సరే, అంతవరకు అందరికీ జరిగిందే, దాన్ని తప్పు అనను. తప్పు ఆశ్లేష కార్తెలో చేశాడు. ఒక జల్లు పడగానే మళ్లీ శెనక్కాయ విత్తుతానన్నాడు. జూలై దాటాక వద్దురా, ఉలవలు చల్లు, అలసంద వెయ్, పశువులకి మేతన్నా వస్తుంది అని బతిమాలా. వాడు ఏమన్నాడో తెలుసా? "అన్నా, సీజన్ మామూలే అన్నారు కదా, జూలైలో రాని వాన ఆగస్టు సెప్టెంబర్‌లో వచ్చి తీరాలి, లేకపోతే లెక్క ఎట్లా కుదురుతుంది?" వాన మనకేదో బాకీ ఉన్నట్టు! నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి రెండోసారి విత్తాడు. పూత వచ్చింది, నేలలోకి దిగి కాయ కట్టే ఊడలు కూడా వచ్చాయి, నేల దాకా వచ్చాయి. నేలేమో గట్టిపడిపోయి గోరు దిగట్లా. ఊడల మొనలు లోపలికి దిగలేక మట్టి మీదే నల్లబడి ఎండిపోయాయి. మీ నాయన ఇంటి నుంచి బిందెలతో నీళ్లు మోసి ఒక్కో చెట్టు మొదట్లో పోసేవాడు, నాలుగెకరాల చేనుకి బిందెలతో నీళ్లు! నేను చూసి కూడా వద్దనలేకపోయా. మఖ పుబ్బలు వరపైతే మహాక్షామం అని మా జేజి అంటా ఉండేది, ధాత కరువు కథలు చెప్తా. అది 1876లో మొదలైంది, దాని వెనకా పసిఫిక్ వేడే ఉందని నేను చదువుకున్నాక తెలిసింది, జేజికి తెలిసింది గంజి కేంద్రాల సంగతే.

దీపావళికి ఎద్దులు అమ్మేశాడు. ఉగాదికి ముందే మిమ్మల్ని తీసుకుని బెంగళూరు పోయి బిల్డింగు పని దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నువ్వు కన్నడ మీడియం బడిలో చదివింది ఆ రెండో విత్తనం వల్లేనమ్మా. వాణ్ణి ఇది అడగొద్దు, ఇప్పటికీ ఆ మాట ఎత్తడు.

కాబట్టి విను. మట్టి టెస్టు చేయించు, విత్తనశుద్ధి చెయ్, పంట బీమా కట్టు, ఇవి నీకు తెలుసు. ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఇచ్చే మొదటి అంచనా చూసి ఎగరొద్దు, ఆ నెలల్లో పసిఫిక్ ఎటు తిరుగుతుందో మోడళ్లకే సరిగ్గా అందదు, మే చివర ఇచ్చేది కాస్త నయం, హిందూ మహాసముద్రం లెక్క అయితే ఇంకా ఆలస్యంగా తేలుతుంది. ఆ అంచనాతో ఎంత రిస్క్ తీసుకోవాలో తేల్చుకో, ఎప్పుడు విత్తాలో మాత్రం నీ చేను చెప్పాలి, జానెడు లోతు తవ్వి పిడికిట్లో మట్టి పట్టుకుని చూడు, ఉండ కట్టకపోతే పక్క చేలో విత్తుతున్నా సరే నువ్వు ఆగు. లా నినా అయినా సరే సగమే శెనక్కాయ, ఏడు సాళ్లకి ఒక సాలు కంది, మిగతా సగం కొర్ర. విత్తనంలో కొంత ఇంట్లో దాచు.

కోతప్పుడు ఈశాన్య రుతుపవనాల సంగతి మర్చిపోవద్దు. ఎల్ నినో ఏడాదిలో అక్టోబర్ తర్వాత వాన ఎక్కువ ఉంటుందంటారు, 2015లో నెల్లూరు, చెన్నై మునిగాయి. లా నినాలో తక్కువంటారు, కానీ లా నినా ఉన్న 2021 నవంబర్‌లోనే చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయింది. చెట్లు పీకి కుప్ప వేసేముందు టార్పాలిన్లు కొని పెట్టుకో, కట్టె, అదే ఆ చెట్ల మేత, తడిసి నల్లబడితే గొర్రె కూడా ముట్టదు.

బోరు వేస్తానని మాత్రం నా దగ్గర అనొద్దు. అనకు. బోర్లకి పోసిన డబ్బుతో మన ఊళ్లో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో నీకు చూపిస్తా.

అప్పు అవసరమైతే ముందు నాకు ఫోన్ చెయ్, నా పెన్షన్ ఉంది, మీ పెద్దమ్మకి చెప్పకుండా సర్దుతా. గుత్త కాగితంలో వాన పడకపోతే ఎంత కట్టాలో రాయించుకున్నావా లేదా? ఫోటో పంపు. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా, నేను వచ్చేదాకా ఆ పొలం రెడ్డికి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

పెదనాయన