మూన్ జెల్లీ పాలిప్‌లు పెరుగుతున్నాయి గానీ జెల్లీలు రావట్లేదన్న ప్రశ్నకు

మీ పాలిప్‌లకు, అంటే మూన్ జెల్లీ అనే జెల్లీఫిష్ ఒకచోట అతుక్కుని బతికే తొలి దశకు, జబ్బేమీ లేదండి, టెన్షన్ పడకండి. ఆరు నెలలుగా 24 డిగ్రీల నీళ్లలో అవి మొగ్గలు వేస్తూ అక్వేరియం అద్దమంతా నిండిపోయాయి, ఒక్క జెల్లీ కూడా విడలేదు అన్నారు. వెచ్చదనం, తిండి ఆగకుండా అందుతుంటే అవి చేసే పని అదే. పక్కనుంచి మొగ్గ తొడిగి తమలాంటి పాలిప్‌నే పుట్టిస్తూ పోతాయి.

మీకు కావాల్సింది చలికాలం. చల్లని సముద్రాల మూన్ జెల్లీ కొన్ని వారాల చలి చూశాకే రూపం మారుస్తుంది. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2014లో తేల్చింది ఇదే: చలిలో ఉన్నకొద్దీ పాలిప్‌లో ఒక ప్రొటీన్‌ను తయారుచేయమనే జన్యు సందేశం (ఆర్‌ఎన్‌ఏ) పోగవుతూ రోజులు లెక్కపెడుతుంది. అందుకే రెండు రోజుల చల్లదనానికి అది మోసపోదు.

కాబట్టి సగం పాలిప్‌లను వేరే డబ్బాలోకి మార్చి, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 12 దాకా దించండి. మిగతా సగం వెచ్చగానే ఉంచండి, ఏదైనా తేడా వస్తే అవే మీకు విత్తనం. నాలుగైదు వారాలు ఓపిక పట్టండి. మొదట పాలిప్ పొడవుగా సాగి నారింజ రంగుకు తిరుగుతుంది. తర్వాత ఒంటి మీద అడ్డంగా నొక్కులు పడి, పళ్లేలు దొంతరగా పేర్చినట్టు కనిపిస్తుంది. పై పళ్లెం కొట్టుకోవడం మొదలుపెట్టిందంటే ఎనిమిది చేతుల ఎఫైరా, అంటే బుల్లి పిల్ల జెల్లీ, విడిపోబోతోందన్నమాట. ఆ దృశ్యం భూతద్దంతో తప్పకుండా చూడండి, ఎంత బాగుంటుందో!

జెల్లీలు త్వరగా రావాలని తొందరపడి మందుల షాపు అయోడిన్ మాత్రం నీళ్లలో పోయకండి. ఇంకో మాట, మీ పాలిప్‌లు ఏ సముద్రానివో అమ్మినవాళ్లను అడగండి. వెచ్చని నీళ్ల జాతి అయితే ఈ చలి పద్ధతి పనిచేయకపోవచ్చు.