మందును తట్టుకున్నాయి, జన్యువు మాత్రం మారలేదు!

ప్రశ్న: టెమ్-1 బీటా-లాక్టమేజ్ (ఆంపిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైమ్) జన్యువులో, డీఎన్‌ఏను నకలు చేసే పీసీఆర్‌తో యాదృచ్ఛిక మార్పులు తెచ్చి, ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించి, సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేట్ల మీద పరిచాం. పెరిగిన కాలనీల్లో కొన్నింటి జన్యువు ఏమాత్రం మారలేదు. ఎందుకు?

జవాబు: పెద్ద కాలనీ చుట్టూ చేరిన చిన్నవాటిని ఏరారేమో చూడండి. పెద్దదాని నుంచి బయటపడ్డ ఎంజైమ్ అక్కడి మందును విరగ్గొడితే, తట్టుకోలేనివీ పెరుగుతాయి. కణాలను పలచగా పరచి, 16–20 గంటలకే ప్లేట్లు తీసేయండి.

అసలు అనుమానం కణం సొంత క్రోమోజోమ్‌లో వచ్చిన మార్పు మీద. మందు లోపలికెళ్లే దారైన పోరిన్ ప్రోటీన్ చెడినా కణం బతికిపోవచ్చు. అందుకే ప్లాస్మిడ్‌ను (మీ జన్యువును మోసే చిన్న డీఎన్‌ఏ వలయం) వేరుచేసి కొత్త కణాల్లోకి ఎక్కించి మళ్లీ పరీక్షించండి. నిరోధకత వెంట రాకపోతే ఆ కాలనీని వదిలేయండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ మెట్టునే. మారని జన్యువున్న కణాలనూ పక్కన పరచి, అవి పూర్తిగా ఆగే మోతాదుకు రెట్టింపుతో మొదలుపెట్టండి. ప్లాస్మిడ్ చేరిన కణాలను ఏరడానికి కనామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ మేలు. ఆంపిసిలిన్ వాడితే దాన్ని విరిచే పాత పని తగ్గి, సెఫోటాక్సిమ్‌ను విరిచే కొత్త పని నేర్చిన రకాలు చేజారతాయి.

పీసీఆర్‌లో నకలులో తప్పులు పెంచే మాంగనీస్ 0.5 మిల్లీమోలార్ సరిపోతుంది. జన్యువుకు ఒకటి నుంచి మూడు అమైనో ఆమ్లాలు మారితే చాలు, మితిమీరితే చాలా ఎంజైములు పనిచేయవు. ఎంజైమ్ 238వ స్థానంలో గ్లైసిన్ బదులు సెరీన్ (సెఫోటాక్సిమ్ నిరోధకతకు పేరుపడ్డ మార్పు) కనిపిస్తే ఎంపిక సరిగ్గా జరుగుతున్నట్టే.