టెక్ సందేహాలు: దగ్గరికెళ్తే పువ్వు మసకైపోతోంది

ప్రశ్న: సార్, మేం మారతహళ్లిలో ఉంటాం. ఆదివారాలు తురహళ్లి అడవి వైపు వెళ్లి అడవిపూలకి మాక్రో (బాగా దగ్గర నుంచి తీసే) ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నా. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. బాగా దగ్గరికెళ్తే ఫోకస్ అవ్వట్లేదు, ఎప్పుడైనా ఫోకస్ అయినా మసకే. మాక్రో లెన్స్ కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తీసుకోండి, లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు, లోపల అద్దం ఉండదు, లెన్స్ ముందుకి జరుగుతుంది కాబట్టి దగ్గర ఫోకస్ కుదురుతుంది, అంతే. మీ 50కి మొత్తం 50 ఎంఎం దాకా ట్యూబు వేస్తే దాదాపు 1:1, అంటే పువ్వు అసలు సైజులోనే సెన్సర్ మీద పడుతుంది, గడ్డి చామంతి ఒక్కటి చాలు ఫ్రేమ్ నిండిపోవడానికి. కెమెరాని లెన్స్‌తో కలిపే కాంటాక్ట్ పిన్నులున్న రకమే కొనండి, అవి లేకపోతే ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి అపర్చర్ (వెలుగు వచ్చే కన్నం సైజు) మార్చలేరు.

మసక మాత్రం ఏ లెన్స్ కొన్నా పోదు. 1:1లో అపర్చర్ ఎఫ్/8 పెట్టినా షార్ప్‌గా వచ్చే మందం 1 ఎంఎం కూడా ఉండదు, కాడ గాలికి కాస్త ఊగినా అయిపోయింది. అలాగని కన్నం ఇంకా చిన్నది చేసి ఎఫ్/22కి పోతే డిఫ్రాక్షన్ (చిన్న కన్నంలో వెలుగు చెదరడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది, ఎఫ్/8, ఎఫ్/11 మధ్యే ఉండండి. ఆటోఫోకస్ ఆపేసి, ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచుల్ని స్క్రీన్ మీద రంగుతో చూపించేది) పెట్టి, మోచేతులు నేలకి ఆనించి, ఫోకస్ రింగ్ తిప్పకుండా ఒంటినే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ వరసగా పదిహేను కొట్టండి, ఒకటి రెండు నిలుస్తాయి. షటర్ వేగం 1/250 సెకనుకి తగ్గొద్దు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెరిగితే పెరగనీండి, నాయిస్ (ఫోటోలో చుక్కల గరుకుదనం) తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు గానీ ఊగిన పువ్వుని ఏం చేయలేం. ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు చోట్ల ఫోకస్ చేసిన ఫోటోల్ని ఒకటిగా కలపడం) జోలికి ఇప్పుడే పోకండి, గాలిలో ఫ్రేములు కలవవు.

పొద్దున్నే వెళ్లండి, గాలి తక్కువ, పైగా విష్ణుక్రాంత మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ చిన్న నీలం పువ్వు నేర్చుకోవడానికి చాలా మంచిది, రేకులన్నీ దాదాపు ఒకే మట్టంలో పరుచుకుని ఉంటాయి, సెన్సర్‌ని దానికి సమాంతరంగా పట్టుకుంటే ఉన్న ఆ కాస్త మందంలోనే చాలా భాగం వచ్చేస్తుంది. తుమ్మి పూలు అలా కాదు, బంతిలా చుట్టూ ఉంటాయి, ఒక్క పువ్వుని ఎంచుకుని మిగతావి వదిలేయండి. మబ్బు పట్టిన బెంగళూరు పొద్దు దీనికి భలే వెలుగు, ఎండ ఉంటే తెల్ల గొడుగు అడ్డం పెట్టండి. కోసి ఇంటికి తెచ్చి మాత్రం తీయకండి, దయచేసి.

ట్యూబులతో 50 ఎంఎం లెన్స్ పువ్వుకి కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి వచ్చేస్తుంది, దాని నీడే పువ్వు మీద పడుతుంది. ఆ నీడతో రోజూ విసుగొచ్చినప్పుడు 90 లేదా 100 ఎంఎం మాక్రో కొనండి, ఇంకొంచెం దూరం నుంచి తీయొచ్చు.