రాష్ట్రపతి: దేశానికా, రాష్ట్రానికా?

సందేహం: దేవరకొండ ప్రాంతంలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. మన రాష్ట్రానికి గవర్నరు ఉండగా, ఢిల్లీలో ఉండేవారిని రాష్ట్రపతి అని ఎందుకంటారని పిల్లలు అడుగుతున్నారు. దేశాధ్యక్షుడు అనకూడదా? ఆ పదవిలో మహిళ ఉన్నా రాష్ట్రపతి అనే రాయాలా?

సమాధానం: పిల్లలు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఈ పదవి పేరులోని ‘రాష్ట్రం’ మన తెలంగాణ రాష్ట్రం వంటిది కాదు, దేశమంతా. హిందీలో దేశాన్ని రాష్ట్ర అనీ, మనం రాష్ట్రం అనేదాన్ని రాజ్య అనీ అంటారు. తెలుగులో రాష్ట్రం అనే మాటను దేశంలోని ఒక భాగానికి పరిమితం చేసుకున్నాం కాని, పదవి పేరును మాత్రం విశాలమైన అర్థంతోనే ఉంచుకున్నాం. చిక్కంతా అక్కడ వచ్చింది. స్వామి, అమాత్యుడు, సుహృత్తు, కోశం, రాష్ట్రం, దుర్గం, బలం అనే ఏడింటినీ అమరకోశం ‘రాజ్యాంగాలు’ అన్నది. అంటే అక్కడ రాష్ట్రం రాజ్యానికి ఒక అంగం, జనంతో కూడిన నేల. మనం సంవిధానానికి పెట్టుకున్న రాజ్యాంగం అనే పేరు కూడా ఆ పాత మాటే, కొత్త అర్థంలో.

ఇక ‘పతి’ అనగానే యజమాని, భర్త అనే అర్థాలే ముందు తోస్తాయి. రక్షించడం అనే అర్థంగల ‘పా’ ధాతువు నుండి ఈ మాట పుట్టిందని వైయాకరణులు చెబుతారు. రాజ్యాంగాన్ని పరిరక్షిస్తానని 60వ అధికరణం ప్రకారం ప్రమాణం చేసే పదవికి ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు. కనుక మహిళను కూడా రాష్ట్రపతి అనే రాయాలి. ‘రాష్ట్రపత్ని’ అనడం తప్పు, అమర్యాద కూడా. 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపదీ ముర్ము ఆ పదవి చేపట్టినప్పుడు మన వాక్యానికి ఏ ఇబ్బందీ కలగలేదు, ఎందుకంటే ‘రాష్ట్రపతి సంతకం చేశారు’ అనే గౌరవ బహువచనంలో స్త్రీపురుష భేదం లేదు.

దేశాధ్యక్షుడు అనడం వ్యాకరణరీత్యా దోషం కాదు, అయినా నేను సమ్మతించను. ఇంగ్లీషులో అమెరికా పదవికీ మన పదవికీ ప్రెసిడెంటు అనే మాట ఒక్కటే. అమెరికా అధ్యక్షుడు ప్రభుత్వాన్ని స్వయంగా నడుపుతాడు. మన రాష్ట్రపతి 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహాపై నడుచుకుంటారు. ఆ సలహాకు కట్టుబడి ఉండాలని 1976లో 42వ సవరణ స్పష్టం చేయగా, దానిని పునరాలోచనకు ఒకసారి తిప్పి పంపే వీలును 1978 నాటి 44వ సవరణ కల్పించింది. ఇంత భేదాన్ని రెండు మాటలతో చూపగల సౌకర్యం తెలుగుకు ఉన్నప్పుడు దానిని ఎందుకు వదులుకోవాలి?

తరగతిలో మన నేల ఉదాహరణనే చెప్పండి. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి సిఫారసు లేనిదే పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టరాదు. అలా వచ్చిన బిల్లుకు 2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం తెలిపారు, జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ‘రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం ఏర్పడింది’ అని నల్లబల్లపై రాసి, మొదటి రాష్ట్రం ఏది, రెండవది ఏది అని అడగండి.