సంవత్సరీకం రోజు నాన్న జోకులు చెప్పొచ్చా?

"నాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం రోజు నాలుగు మాటలు చెప్పమంటున్నారు. రాద్దామని కూర్చుంటే ఆయన వేసిన జోకులే గుర్తొస్తున్నాయి, చెబితే బాగుంటుందా?" అని అడిగారు. చెప్పండి. నేను చెప్పలేదు. "కష్టజీవి, ధర్మాత్ముడు" అంటూ ఎవరికైనా సరిపోయే మాటలు కాగితం మీద రాసుకుని చదివాను. మా నాన్నతో పనిచేసిన ఒకాయన వెనక కూర్చుని "ఇదెవరి గురించండీ?" అని పక్కాయన్ని అడిగాడట. తప్పేముంది, సరిగ్గానే అడిగాడు.

మా నాన్న విశాఖలో, షిప్‌యార్డులో వెల్డరు. మా ఇల్లు మల్కాపురంలో. 1948లో నెహ్రూ వచ్చి 'జలఉష' ఓడను నీళ్ళలోకి దింపారు కదా, ఆ రోజు తానూ అక్కడే ఉన్నానని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. వంటింట్లోంచి అమ్మ "అప్పటికి మీరు పుట్టనే లేదు" అనేది. "అందుకేగా ఫోటోలో కనపడను" అనేవారు, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఆయన పుట్టింది 1952లో. అమ్మ ఊరెళ్ళినప్పుడు మాత్రం ఆ ఓడ మాటే ఎత్తేవారు కాదు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

అమ్మ అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు. నవ్వొస్తే గోడవైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకునేది. "సింహాచలం అప్పన్నైనా ఏడాదికోసారి చందనం తీసి నిజరూపం చూపిస్తాడు, మీ అమ్మ దగ్గర అదీ లేదు" అనేవారు నాన్న.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం. గాలి హోరుకి పక్కనున్న మనిషి మాట వినపడట్లేదు. అమ్మ దేవుడి పటాల ముందు కూర్చుని ఏడుస్తోంది. ధన్‌మని చప్పుడై, మేడ మీది షెడ్డు రేకు లేచిపోయింది. నాన్న తల పైకెత్తి, "ఇన్నేళ్ళు అద్దె లేకుండా ఉంది, ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయింది చూడు" అన్నారు. మర్నాడు కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు కోసం పెద్ద లైను. రోడ్లకి అడ్డంగా చెట్లు. ఈయన రేకు వెతకడానికి బయల్దేరి, మధ్యాహ్నానికి రెండు వంకర రేకులు మోసుకొచ్చారు. మనవేనా అంటే, "మనది దొరకలేదు. ఇవి అనాథలు, పెంచుకుందాం" అన్నారు. అమ్మ ఆ రోజు కొంగు సంగతే మర్చిపోయింది. నాలుగు రోజులకి ఒకదాని సొంతదారు వెతుక్కుంటూ వస్తే, "అత్తారింటికి పంపేస్తున్నాం, బాగా చూసుకోండి" అని అప్పగించారు.

అన్నీ ఇలాంటివే చెప్పాలని కూడా లేదు. ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి కూడా "గ్యాసు బుక్ చేయకుండానే వచ్చేసింది" అన్నారు. అందరం నవ్వాం, పడుకున్నాం. తెల్లారి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. ఆ జోకు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవరికీ చెప్పలేదు, మీరు అడిగారని రాస్తున్నాను.

ఒక్క పని చేయండి. రాసే ముందు మీ అమ్మగారి దగ్గర కాసేపు కూర్చోండి. మీ చెవిన పడనివి ఆవిడ దగ్గర చాలా ఉంటాయి. చెప్పకపోతే వదిలేయండి.

మా అమ్మ ఇప్పుడు ఆయన జోకులన్నీ చెబుతోంది, సగం తప్పులతో. పోయిన చందనోత్సవానికి సింహాచలం క్యూలో గంటలకొద్దీ నిలబడ్డాం. పక్కావిడతో "మా ఆయన అనేవారండీ, అప్పన్నైనా ఏడాదికోసారి..." అని మొదలుపెట్టి, తనే నవ్వేసి, ఇంక మాట రాక నా భుజం పట్టుకుంది. ఆవిడ నా వైపు తిరిగి, "ఏటన్నారమ్మా?" అంది.