రైఫిల్ కొనేముందు బుజ్జికి ఒక ఉత్తరం

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది తుపాకి కొంటుందట. నీ కబుర్లు వినే దానికి ఈ పిచ్చి పట్టింది, నువ్వే ఆపు" అని ఒకటే ఏడుపు. ఆపనని చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. నాకు గర్వంగానే ఉంది తల్లీ. మా నాన్న తరవాత మన ఇంట్లో తుపాకి పట్టింది నేనొక్కణ్ణే, ఇప్పుడు నువ్వు. కానీ ఈ విషయంలో నాకొక భయం ఉంది. ఇరవై ఏళ్ళు దాటినా పోలేదు. అది నీకు చెప్పకుండా నువ్వు షాపు మెట్లు ఎక్కకూడదు.

ముందు కాగితాల సంగతి. నీకు గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి కొనే హక్కు ఉంది. షాపులో 4473 ఫారం నింపిస్తారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. ప్రతి గడీ నిజం రాయి, అంతే. నా టెన్షన్ అంతా నీ దగ్గరుండి చదువుకుంటున్న తమ్ముడి గురించి. వాడిది ఎఫ్-1 వీసా. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ తీసుకున్నవాళ్ళకి మినహాయింపు ఉంది, కానీ వాడికి ఆ లైసెన్స్ లేదు. సేఫ్ నంబరు వాడికి చెప్పకు. "అక్కా, ఒక్కసారి పట్టుకుని ఫొటో దిగుతా" అంటే వద్దని చెప్పు. వాడి చదువు, వీసా అన్నీ ఆ ఒక్క ఫొటోతో పోతాయి.

ఇంకొకటి. రేంజ్‌కి, అంటే కాల్చడం ప్రాక్టీసు చేసే చోటికి, తీసుకెళ్ళే బ్యాగు వేరే పెట్టుకో. ఆ బ్యాగుతో ఎప్పుడూ ఇండియా వెళ్ళకు. జిప్పు అరలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. పెళ్ళికని వెళ్ళి పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

కాంపాక్ట్ రైఫిల్ అనుకోవడం మంచి ఆలోచన. నువ్వు ఐదడుగుల రెండంగుళాల పిల్లవి. మామూలు రైఫిల్‌లో బట్ (భుజానికి ఆనే భాగం) చివర నుంచి ట్రిగ్గర్ దాకా పదమూడున్నర అంగుళాలు, ఆ పైనే ఉంటుంది. నీకు పన్నెండున్నర, పదమూడు చాలు. షాపులో బట్‌ని మోచేతి మడతలో ఆనించి చూడు, వేలు ట్రిగ్గర్‌కి హాయిగా అందాలి. చలికోటు వేసుకుని చూడు, ఆ మందం కూడా లెక్కే. తూటా .243 వించెస్టర్ చాలు, వైట్‌టెయిల్ జింకకి అంతకన్నా అక్కర్లేదు. షాపువాడు ఇంకా పెద్దది, .308 అంటాడు, వినకు. ఆరు పౌన్ల తేలిక తుపాకిలో అది గుర్రం తన్నినట్టు తంతుంది. ఒక్కసారి భుజం బెదిరిందంటే, తరవాత నీకు తెలియకుండానే కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగడం మొదలవుతుంది. ఆ అలవాటు వదలడానికి ఏళ్ళు పడుతుంది. బ్యారెల్ పొట్టిది కాబట్టి మోత కూడా ఎక్కువ. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, వాటి మీద మఫ్స్ కూడా పెట్టుకో.

రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, దానికీ కంటికీ మధ్య మూడున్నర అంగుళాలు ఉంచు. లేకపోతే కనుబొమ మీద అర్ధచంద్రంలా గాటు పడుతుంది, దాన్ని చూసి మీ అమ్మ మళ్ళీ ఏడుస్తుంది. జీరో చేసేటప్పుడు, అంటే స్కోప్ గురీ గుండు తగిలే చోటూ ఒకటి చేసేటప్పుడు, ముందు బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తీసేసి, గొట్టంలోంచి టార్గెట్ చూసి స్కోప్ సరిచెయ్యి. మొదట 25 గజాలు, తరవాత 100. సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది, వేడెక్కితే గుండు దారి తప్పుతుంది. మూడు పేల్చి ఆగు, నీళ్ళు తాగు.

తూటాలుండే మ్యాగజైన్ తీసేశాం కదా, ఇక ఖాళీయే అనుకోకు. చాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఒకటి ఉండిపోవచ్చు. బోల్ట్ వెనక్కి లాగి కంటితో చూడు, చూశాక చిటికెన వేలు పెట్టి తడుము. మా నాన్న దగ్గర లైసెన్స్ ఉన్న ఒంటి గొట్టం తుపాకి ఉండేది. మాచర్ల అవతల మన వేరుశనగ చేలో అడవి పందులు పడేవి. ఆయన రాత్రంతా మంచె మీద కూర్చుని, తెల్లారాక ఇంటికొచ్చి, గుమ్మం బయటే తుపాకి మడత విప్పి గొట్టంలో వేలు పెట్టి చూసుకునేవాడు. ఆ తరవాతే లోపలికి అడుగు. తుపాకి పాత పంచెలో చుట్టి అటక మీద ఉండేది, గుళ్ళు పెట్టెలో ఉండేవి, పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో జమ చేసి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదు అమ్మ దేవుడి గూట్లో పెట్టేది. అంత జాగ్రత్త చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అయినా తప్పు చేశాను.

2004 నవంబరు. లానో దగ్గర మా ఆఫీసు స్నేహితుడి తండ్రిగారి రాంచ్. టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళకే తప్పనిసరి. నేను పుట్టింది 1968లో. అక్కర్లేదన్నారు కదా అని మానేశాను. కొత్తగా కొన్న పొట్టి రైఫిల్, పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్. ఒంటి చేత్తో ఎత్తితే భుజానికి వచ్చేసేది, అది చూసి మురిసిపోయేవాణ్ణి.

సాయంత్రం స్టాండ్ (వేట మంచె) దిగి నడిచి వస్తున్నాను. సూర్యుడు అప్పుడే కుంగాడు. ఎదురుగా దిబ్బ నడినెత్తిన మగ జింక నిలబడి ఉంది. వెనక ఆకాశం ఎర్రగా ఉండి, కొమ్ములు గీసినట్టు కనిపించాయి, లెక్కపెడితే ఎనిమిది మొనలు. రైఫిల్ ఎప్పుడు ఎత్తానో, సేఫ్టీ ఎప్పుడు తీశానో గుర్తు లేదు. పేల్చాను. జింక అటు గెంతి మాయమైంది.

రక్తం పడిందేమో చూద్దామని దిబ్బ ఎక్కాను. అటు పక్క నేల ఒక్కసారిగా దిగిపోయింది. కింద ఐదారు వందల గజాల్లో ఒక రేకుల ఇల్లు. వరండాలో లైటు వెలుగుతోంది. బైనాక్యులర్స్ పెట్టి చూశాను. ఒకావిడ దండెం మీద బట్టలు తీస్తోంది. పక్కన ఒక పిల్లాడు బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. ఆవిడ దుప్పటి తీసి, అంచు గడ్డం కింద అదిమిపట్టి, రెండు కొసలూ కలిపి మడిచింది. మా అమ్మ కూడా అలాగే మడిచేది. నా కాళ్ళల్లో సత్తువ పోయింది, అక్కడే రాళ్ళ మీద కూర్చుండిపోయాను.

రాంచ్ పెద్దాయనకి జరిగింది చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు. రైఫిల్ అందుకుని, బోల్ట్ ఊడదీసి, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. తరవాత ట్రక్ ఎక్కమన్నాడు. ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళకి నా చేతే చెప్పించాడు. ఆ ఇంటాయన టార్చ్ తెచ్చి గోడలు చూశాడు, గ్యాస్ ట్యాంకు చూశాడు, దొడ్లో మేకల్ని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఒక మేక తక్కువ వస్తే బావుండునని నాకు అనిపించింది బుజ్జీ. డబ్బు ఇచ్చేస్తే ఆ గుండు లెక్క తేలిపోయేది. మేకలన్నీ ఉన్నాయి. ఆ గుండు ఎక్కడ పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. రైఫిల్ గుండు అడ్డం లేకపోతే రెండు మైళ్ళ పైనే పోగలదు. ఆ తరవాత చాలా రోజులు పొద్దున్నే ఆ ఊరి వార్తలు వెతుక్కునేవాణ్ణి.

పెద్దాయన బోల్ట్ తిరిగి ఇచ్చింది మరుసటి సంవత్సరం సెప్టెంబర్లో, నేను ఆ క్లాసు పూర్తి చేసిన సర్టిఫికెట్ చూపించాక. నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచాడు.

ఎందుకిలా చేశానని చాలాసార్లు ఆలోచించుకున్నాను. అదే తొమ్మిది పౌన్ల రైఫిల్ అయితే ఆనించుకోవడానికి చెట్టు వెతుక్కునేవాణ్ణి. వెతుక్కునే ఆ రెండు క్షణాల్లో జింక వెనక ఆకాశం తప్ప ఏమీ లేదని కళ్ళకి ఆనేది. తేలిక తుపాకి ఆ రెండు క్షణాలు మింగేస్తుంది. నువ్వు కొనబోయేదీ అలాంటిదే. కాబట్టి ఆ రెండు క్షణాలు నువ్వే తెచ్చుకోవాలి. జింక ఎంత బాగా నిలబడినా సరే, ముందు దాని వెనక మట్టి చూడు. ఆకాశం ఉంటే పేల్చకు. పొద ఉన్నా పేల్చకు, పొద వెనక ఏముందో నీకు తెలియదు. గుండు కంచె దాటి పక్కవాళ్ళ భూమిలోకి వెళ్తే, వాళ్ళు రాసిచ్చిన అనుమతి లేకపోతే, ఇక్కడ నేరం కూడా. వీలైనంతవరకు ఎత్తు స్టాండ్ మీద నుంచే వేటాడు, గుండు నేలకే దిగుతుంది. స్కోప్‌తో మనిషిని ఎప్పుడూ చూడకు, దానికి బైనాక్యులర్స్ ఉన్నాయి.

క్లాసు ఆన్‌లైన్‌లో అయిపోతుందని మీ స్నేహితులు చెప్పి ఉంటారు. చెయ్యి, కానీ ఎవరైనా ఎదురుగా నిలబడి నేర్పే క్లాసుకి కూడా ఒకరోజు వెళ్ళు. ఫీజు నేను కడతాను.

ఇంట్లో సేఫ్ గోడకి బిగించు, తూటాలు వేరే తాళంలో పెట్టు. వీకెండ్ పాట్‌లక్ అంటే మన పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో నీకు తెలుసు కదా, బెడ్‌రూమ్‌లో కోట్ల గుట్ట మీద, క్లోజెట్ తలుపు చాటున. తుపాకి ఉందని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎప్పుడైనా మనసు బాగోకపోతే, ఉద్యోగం పోయినా, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోయినా, ఇంకేదైనా సరే, రైఫిల్ తెచ్చి నా సేఫ్‌లో పెట్టెయ్యి. నువ్వు రాలేకపోతే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా నేనే వచ్చి తీసుకెళ్తాను. కారణం అడగను. మీ అమ్మకి చెప్పను. అత్తయ్య అన్నం పెడుతుంది, తిని పడుకుందువుగాని.

నీకు జింక దొరికితే గోంగూర వేసి వండుతానని అత్తయ్య ఇప్పుడే చెబుతోంది. దొరక్కపోయినా వండుతుందట, మేకమాంసంతో.

సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలు. లానో రాంచ్ ఇప్పుడు పెద్దాయన కొడుకు చూసుకుంటున్నాడు. అడిగాను, రమ్మన్నాడు. ఆ రోజు నేను తుపాకి తెచ్చుకోను. బైనాక్యులర్స్‌తో నీ పక్కనే కూర్చుంటాను. నువ్వు రైఫిల్ ఎత్తినప్పుడు జింకని నువ్వు చూడు. దాని వెనక నేను చూస్తుంటాను.

ఉంటాను తల్లీ,
మావయ్య